ఎండీసీతో పని: డ్రమ్ము గేటు దాటినప్పటి నుంచి వ్యర్థం బయటికి వెళ్ళేదాకా

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, బొంతపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడల్లో ఏ బల్క్ డ్రగ్ (మందుల మూల పదార్థాల) యూనిట్‌లో అడుగుపెట్టినా ఎండీసీ అనే మాట వినపడకుండా ఒక షిఫ్ట్ గడవదు. పాఠ్యపుస్తకాల్లో డైక్లోరోమీథేన్‌గా, ఇన్‌వాయిస్‌ల మీద మిథిలీన్ క్లోరైడ్‌గా లేదా మిథిలీన్ డైక్లోరైడ్‌గా కనిపించే ద్రావణి, అంటే ఇతర పదార్థాలను కరిగించే ద్రవం, ఇదే. ఎమ్మెస్సీ పూర్తిచేసి ఆర్ అండ్ డీలోనో ప్రొడక్షన్‌లోనో కొత్తగా చేరిన కెమిస్టులను, వారికి పని అప్పగించే షిఫ్ట్ ఇన్‌చార్జులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాయడమైనది. పని జరిగే వరుసలోనే విషయమూ సాగుతుంది.

ముందుగా తెలుసుకోవలసిన స్వభావం

ఒక కార్బన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్లు, రెండు క్లోరిన్లు అతికి ఉన్న చిన్న అణువు ఇది. అణుభారం 84.93. రంగు లేదు, వాసన కొద్దిగా తియ్యగా ఉంటుంది. సాంద్రత మిల్లీలీటరుకు 1.33 గ్రాములు కావడంతో నీటి అడుగున నిలుస్తుంది. దాని ఆవిరి కూడా గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువైనది కనుక నేలబారుగా పాకి గుంతల్లో, కాలువల్లో, రియాక్టర్ అడుగున పేరుకుంటుంది. నీటిలో ఒకటి రెండు శాతానికి మించి కరగదు. చాలా సేంద్రియ పదార్థాలను మాత్రం ఇట్టే కరిగించుకుంటుంది. మామూలు పరీక్షా పద్ధతుల్లో దీనికి ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత) కనిపించదు.

ఈ చివరి గుణమే మన ప్లాంట్లలో దీనికి లేనిపోని మంచిపేరు తెచ్చిపెట్టింది. టోలీన్ డ్రమ్ము దగ్గర జాగ్రత్తగా మసలుకునే ఆపరేటరే ఎండీసీ దగ్గరికి వచ్చేసరికి "అంటుకోదు కదా సార్" అని మ్యాన్‌హోల్ మూత తెరిచిపెట్టి పనిచేస్తాడు. నిజానికి గాలిలో దీని ఆవిరి సుమారు 13 నుంచి 23 శాతం మధ్య ఉన్నప్పుడు బలమైన నిప్పురవ్వ తగిలితే మండగలదు. కాలమ్ క్రొమటోగ్రఫీకి కలుపుకునే ఎండీసీ–మిథనాల్ మిశ్రమానికైతే ఆ "అంటుకోదు" అన్న భరోసా అసలు వర్తించదు. అయినా నిప్పు దీని విషయంలో రెండో స్థానపు ప్రమాదమే. మొదటి ప్రమాదం ఆవిరి, అందులోనూ హైదరాబాద్‌లో.

దీని మరుగు స్థానం 39.6 డిగ్రీల సెల్సియస్ అని పుస్తకాలు చెబుతాయి. అది సముద్రమట్టం దగ్గరి లెక్క. మన నగరం 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ వాతావరణ పీడనం తక్కువ, అందువల్ల ఎండీసీ 38 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటే ఊళ్ళో, ఎండలో పెట్టిన డ్రమ్ములో ఉన్నది మరిగే స్థితిలో ఉన్న ద్రవమని గుర్తుపెట్టుకోవాలి. చల్లని దేశాల మాన్యువల్స్ నుంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసిన ఎస్ఓపీలు (పని విధాన పత్రాలు) ఈ సంగతిని పట్టించుకోవు.

వాడక తప్పదా అని తేల్చుకోవడం

పెయింట్ ఊడదీయడానికి, లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి, పాలీయురేథేన్ నురగ తయారీకి, అక్రిలిక్, పాలీకార్బొనేట్ ముక్కలు అతికించడానికి, కాఫీ గింజల నుంచి కెఫీన్ తీయడానికి దీన్ని వాడుతూ వచ్చారు. మన పరిశ్రమలో మాత్రం ఎక్స్‌ట్రాక్షన్‌కు, అమైడ్ కప్లింగ్‌ల వంటి చర్యలకు, కాలమ్‌లకు వాడకం ఎక్కువ. త్వరగా ఆవిరైపోతుంది, పొరలు చక్కగా విడిపోతాయి, దాదాపు అన్నిటినీ కరిగిస్తుంది. అందుకే ఆలోచించకుండా చెయ్యి దానిమీదికే వెళుతుంది.

ఆలోచించవలసిన కారణాలు బలమైనవే. క్యాన్సర్ పరిశోధనా అంతర్జాతీయ సంస్థ దీన్ని 2ఏ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల్లో చేర్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 మే నెలలో చాలా వాడకాలను నిషేధించే నియమం తెచ్చి, అనుమతించిన చోట్ల గాలిలో 8 గంటల సగటు పరిమితిని 2 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 2 భాగాలకు) దించింది. అంతకుముందు అక్కడి కార్మిక భద్రతా పరిమితి 25 పీపీఎం. మందులో మిగిలిపోయే ద్రావణులకు సంబంధించిన ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ మండలి) క్యూ3సీ మార్గదర్శకం దీన్ని రెండో తరగతిలో, అంటే పరిమితంగా వాడవలసినవాటిలో ఉంచి 600 పీపీఎం హద్దు పెట్టింది.

కనుక కొత్త ప్రాసెస్ రూపొందించేటప్పుడే ఇథైల్ అసిటేట్, ఐసోప్రొపైల్ అసిటేట్, 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్, టోలీన్‌లలో ఏదైనా పనికొస్తుందేమో చూడాలి. వాలిడేషన్ పూర్తయ్యాక ద్రావణిని మార్చడం తలకు మించిన పని అవుతుంది. అయితే ఇవన్నీ మండే ద్రవాలే కనుక ఫ్లేమ్‌ప్రూఫ్ విద్యుత్ పరికరాలు, ఎర్తింగ్, నైట్రోజన్ లేని బ్లాకులోకి వాటిని తెచ్చిపెడితే ఒక ప్రమాదాన్ని పోగొట్టి ఇంకొకదాన్ని తెచ్చుకున్నట్టే.

గేటు దగ్గర: ఎండీసీయా, ఈడీసీయా

ఫోన్‌లో చెప్పినప్పుడు ఈ రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. స్టోర్స్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఈడీసీ అంటే 1,2-డైక్లోరోఈథేన్. దాని మరుగు స్థానం 83 డిగ్రీల పైన, ఫ్లాష్ పాయింట్ 13 డిగ్రీలు, అంటే సులువుగా అంటుకునే ద్రవం. ఐసీహెచ్ జాబితాలో అది ఒకటో తరగతి, అంటే వాడకుండా తప్పించవలసినది, మందులో 5 పీపీఎంకు మించకూడదు. ఒకదానికి బదులు ఒకటి రియాక్టర్‌లోకి వెళితే బ్యాచ్ పోవడంతో ఆగదు.

అందువల్ల డ్రమ్ము దించుకునేటప్పుడే సీఏఎస్ సంఖ్య (రసాయనాల గుర్తింపు సంఖ్య) 75-09-2, రవాణా సంఖ్య యూఎన్ 1593 సరిచూసుకోవాలి. ఈడీసీ రవాణా సంఖ్య యూఎన్ 1184. లేబుల్ చూశాక కూడా నమూనా తీసి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) చేయాలి, కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ చూడాలి, ఆమ్లత్వం చూడాలి. ఏ స్టెబిలైజర్ (చెడిపోకుండా నిలిపే పదార్థం) కలిపారో విశ్లేషణ పత్రంలో చదవాలి. కొందరు అమిలీన్ కలుపుతారు, కొందరు మిథనాల్ లేదా ఇథనాల్ కలుపుతారు. యాసిడ్ క్లోరైడ్ చర్యకు ఆల్కహాల్ కలిసిన ఎండీసీ వాడితే ఆ మేరకు ఎస్టర్ అశుద్ధి పుట్టుకొస్తుంది. దాని మూలం ఎక్కడుందో తెలియక విశ్లేషణ విభాగం వారాల తరబడి తల పట్టుకుంటుంది.

నిల్వ

నీడ, గాలి రెండూ ఉన్న షెడ్డు కావాలి. సెల్లారు పనికిరాదు. కింద కారినది కాలువలోకి పోకుండా డైక్ (అడ్డుగట్టు) ఉండాలి. 200 లీటర్ల డ్రమ్ములో 250 నుంచి 270 కిలోల సరుకు వస్తుంది గనుక, నీళ్ళలాంటి ద్రవమే కదా అని ఒంటరిగా వంచి దొర్లించబోతే నడుము పట్టేస్తుంది, లేదా కాలి మీద పడుతుంది. పొడి ఎండీసీకి మామూలు ఉక్కు సరిపోతుంది. నీరు చేరిందంటే మెల్లగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియం పాత్రలు, పైపులు వద్దు. పీవీసీ గొట్టాలు, మామూలు రబ్బరు గ్యాస్కెట్లు మెత్తబడి ఉబ్బిపోతాయి, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) వాడాలి.

గాలిని కొలవడం

వాసన వస్తేనే ప్రమాదం అనుకోవడం ఇక్కడ చెల్లదు. సుమారు 200 నుంచి 300 పీపీఎం చేరేదాకా చాలామంది ముక్కు దీన్ని పట్టదు. కాసేపు అక్కడే ఉంటే ముక్కు అలవాటుపడి ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. వాసన తెలిసే సరికే పైన చెప్పిన అమెరికా కార్మిక భద్రతా పరిమితి 25 పీపీఎంనే పది రెట్లు దాటేసి ఉంటారు.

దీనికి పరికరం వాడాలన్నా ఒక మెలిక ఉంది. ప్లాంట్లలో ఎక్కువగా కనిపించే చేతి పీఐడీ (ఆవిరిని కాంతితో అయనీకరించి కొలిచే) మీటర్లలో 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం ఉంటుంది. ఎండీసీ అయనీకరణానికి 11.3 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంటే ఆవిరి మధ్యలో నిలబడినా ఆ మీటరు సున్నా చూపిస్తుంది, ఆ సున్నాను లాగ్‌బుక్‌లో ఎక్కించి సంతకం కూడా చేస్తారు! 11.7 దీపం ఉన్న మీటరు తెప్పించుకోవాలి, లేదా ఈ పదార్థానికే ఉద్దేశించిన డిటెక్టర్ ట్యూబులు వాడాలి. మండే వాయువులను పట్టే ఎల్ఈఎల్ మీటరు ఇక్కడ ఎందుకూ కొరగాదు. అది కూత పెట్టే స్థాయికి ఎంతో ముందే మనిషి పడిపోతాడు.

ఎంత తక్కువ ద్రవం చాలో లెక్క వేసి చూడండి. ఒక లీటరు ఎండీసీ పూర్తిగా ఆవిరైతే 25 డిగ్రీల దగ్గర సుమారు 380 లీటర్ల ఆవిరి అవుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 36,000 లీటర్ల గాలి ఉంటుంది. పావు లీటరు ఒలికి, కిటికీలు మూసి ఉంటే ఆ గదిలో 2,600 పీపీఎం దాటుతుంది. ప్రాణానికి తక్షణ ముప్పుగా పరిగణించే స్థాయి 2,300 పీపీఎం. పావు లీటరంటే టీఎల్‌సీ (పల్చటి పొర క్రొమటోగ్రఫీ) చేసే ఒక కెమిస్టు టేబుల్ మీద మామూలుగా ఉండే సీసా.

చేతులు, శ్వాస

ల్యాబ్‌లలో అందరూ తొడుక్కునే పల్చటి నైట్రైల్ గ్లౌజుల గుండా ఎండీసీ రెండు మూడు నిమిషాల్లోపే దూరి వస్తుంది. వేళ్ళ దగ్గర చల్లగా తగిలి, ఆ వెంటనే మంట మొదలైతే ద్రవం లోపలికి వచ్చేసిందని అర్థం. గ్లౌజు లోపల చిక్కుకున్న ద్రవం ఆవిరయ్యే దారిలేక చర్మాన్ని కాల్చేస్తుంది కనుక వెంటనే తీసేసి చేయి కడుక్కోవాలి, ఆ జతను మళ్ళీ వాడకూడదు. ఎక్కువసేపు తడిసే పనికి పొరలుపొరలుగా అతికించి చేసే ల్యామినేట్ గ్లౌజులను లోపల, పట్టు కోసం నైట్రైల్‌ను పైన తొడుక్కోవాలి. పాలీవినైల్ ఆల్కహాల్ గ్లౌజులూ ఆపుతాయి గానీ అవి నీటిలో కరిగిపోతాయి. నీళ్ళూ ఎండీసీ కలిసి ఉండే ఎక్స్‌ట్రాక్షన్ పనికి వాటిని ఇవ్వడం తెలివితక్కువ.

శ్వాసకు మామూలు ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ చాలదు. ఇంత తేలిగ్గా ఆవిరయ్యే ద్రావణిని బొగ్గు ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. బయటి నుంచి గాలి అందించే ఎయిర్‌లైన్ మాస్కు గానీ, సిలిండర్‌తో కూడిన శ్వాస పరికరం గానీ కావాలి. ల్యాబ్‌లో అయితే పనిచేసే ఫ్యూమ్ హుడ్డే అసలు రక్షణ. సాష్ (హుడ్ ముందరి గాజు తలుపు) దించి, ముఖం బయటే ఉంచి పనిచేయాలి.

డ్రమ్ము తెరవడం, ఛార్జింగ్

ఎండాకాలంలో బయటి నుంచి తెచ్చిన డ్రమ్మును నేరుగా తెరవకూడదు. నీడలో పెట్టి, పైన నీళ్ళు పోసి చల్లారనిచ్చి, చిన్న బుంగ్‌ను (మూత బిరడాను) పావు తిప్పు తిప్పి, సుయ్‌మని వచ్చే పీడనం పూర్తిగా ఆగాకే మిగతాది విప్పాలి. ముఖం పక్కకు ఉండాలి, కళ్ళకు గాగుల్స్ ఉండాలి.

మన ప్లాంట్లలో రియాక్టర్‌కు వాక్యూమ్ పెట్టి డ్రమ్ములో గొట్టం వేసి లాగడం పాత అలవాటు. ఎండీసీకి అది పనికిరాదు. వాక్యూమ్ తగలగానే అది గొట్టంలోనే మరిగి, కొంత భాగం వాక్యూమ్ పంపు గుండా గాలిలో కలుస్తుంది. సరుకూ పోతుంది, పంపు దగ్గర నిలబడ్డవాడి ఆరోగ్యమూ పోతుంది. ఎయిర్ డయాఫ్రం పంపుతో మూసి ఉన్న లైన్ గుండా ఎక్కించాలి, వెంట్ కండెన్సర్ ముందే నడుస్తూ ఉండాలి. కూలింగ్ టవర్ నీళ్ళు వేసవిలో 30 డిగ్రీలు దాటే ఉంటాయి కనుక 38కే మరిగే ద్రవాన్ని అవి ఆపలేవు. మొదటి కండెన్సర్‌కు చిల్డ్ వాటర్, రెండోదానికి బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పునీరు) ఇవ్వాలి. తేమ ఎక్కువగా ఉన్న ఎండీసీతో బ్రైన్ కండెన్సర్‌లో మంచు కట్టి దారి మూసుకుపోయే అవకాశం ఉంది. పీడనం పెరుగుతుంటే ముందు అక్కడ చూడాలి.

లేయర్ సెపరేషన్

ల్యాబ్ ఫనెల్‌లో బైకార్బొనేట్ వాష్ ఇచ్చేటప్పుడు జరిగే చిన్న ప్రమాదాలే ఎక్కువ. ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, చేతి వేడికి ఎండీసీ ఆవిరి కూడా దానికి తోడవుతుంది, మూత ఎగిరి కళ్ళలో పడుతుంది. కాబట్టి ముందు బీకరులో కలిపి, పొంగు పూర్తిగా తగ్గాకే ఫనెల్‌లో పోయాలి. మొదటిసారి ఊపకుండా ఒక్కసారి తలకిందులు చేసి, కాడను హుడ్ గోడవైపు తిప్పి కాక్ తెరవాలి.

ఎండీసీ పొర కిందికి వస్తుంది. ఉప్పు ఎక్కువగా కలిసిన జలద్రావణం బరువెక్కినప్పుడు, లేదా ముందు దశ నుంచి తేలికపాటి ద్రావణి మిగిలిపోయినప్పుడు పొరలు తారుమారు కావచ్చు. ఏది నీరో తెలియకపోతే ఒక చుక్క తీసి నీటిలో వేస్తే తెలిసిపోతుంది. ఉత్పత్తి చేతికి అందేదాకా ఏ పొరనూ పారబోయకూడదు. మధ్యలో నురగలాంటి ఎమల్షన్ పట్టుకుంటే ఉప్పునీరు పోసి నిదానించాలి, అప్పటికీ విడకపోతే సీలైట్ (వడపోత పొడి) మీద వడపోయాలి. ఆరబెట్టడానికి నిర్జల సోడియం సల్ఫేట్ చాలు.

స్వేదనం

రోటావేపర్ (ఫ్లాస్కును తిప్పుతూ ద్రావణిని ఆవిరి చేసే పరికరం) మీద బాత్ 40 డిగ్రీలు, చిల్లర్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ పెట్టి, 700 మిల్లీబార్ల దగ్గర మొదలుపెట్టాలి. పూర్తి వాక్యూమ్ పెడితే పదార్థం పొంగి కండెన్సర్‌లోకి ఎగబాకుతుంది, ద్రావణి పంపులోకి వెళ్ళిపోతుంది. ప్లాంటులో రికవరీ చేసిన ఎండీసీలో స్టెబిలైజర్ తగ్గిపోయి ఉండవచ్చు. ఆమ్లత్వం చూడకుండా తిరిగి బ్యాచ్‌కు ఇవ్వకూడదు.

కలపకూడనివి

సోడియం, పొటాషియం, లిథియం లోహాలతో, అల్యూమినియం పొడితో, గాఢ నైట్రిక్ ఆమ్లంతో ఎండీసీ కలిస్తే పేలుడు దాకా పోవచ్చు. ఆరబెట్టడానికి సోడియం తీగ వేసే అలవాటును ఈథర్‌కే పరిమితం చేయాలి. ట్రైఇథైలమీన్, పిరిడీన్ వంటి అమీన్లతో ఇది మెల్లగా చర్య జరుపుతుంది కనుక ఆ ద్రావణాలను రోజుల తరబడి నిల్వ ఉంచకూడదు.

మన ఊరి కెమిస్టులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది సోడియం అజైడ్. సార్టాన్ వర్గపు రక్తపోటు మందుల్లో టెట్రజోల్ వలయం కట్టడానికి దాన్ని వాడతారు. మిగిలిపోయిన అజైడ్ ఉన్న చోట ఎండీసీతో ఎక్స్‌ట్రాక్షన్ చేస్తే డైఅజైడోమీథేన్ అనే పేలుడు పదార్థం ఏర్పడగలదు. పైగా అది ద్రావణిని ఆవిరి చేస్తున్నకొద్దీ గాఢమవుతుంది. అజైడ్ చర్య దగ్గరికి ఏ క్లోరిన్ ద్రావణినీ రానివ్వకూడదు, చివరికి పాత్ర కడగడానికి కూడా.

వేడి లోహం, వెల్డింగ్ మంట, సిగరెట్ నిప్పు తగిలితే ఈ ఆవిరి విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్, ఫాస్జీన్ వస్తాయి. ఖాళీ డ్రమ్ములను కోసి రేకులుగా అమ్ముకునేవారికి ఇచ్చేముందు పూర్తిగా శుభ్రం చేయించాలి.

లోపలికి దిగడం, ఎవరైనా పడిపోతే

అమెరికాలో స్నానపు తొట్ల పాత పెయింటును దీనితో ఊడదీసే పనిలో 2000–2011 మధ్య కనీసం 13 మంది చనిపోయారు. చిన్న బాత్రూమ్, తొట్టిలోకి వంగిన తల, తొట్టి అడుగున నిలిచిన ఆవిరి. రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, సంపు కూడా అలాంటివే, ఇంకా లోతైనవి. కన్ఫైన్డ్ స్పేస్ పర్మిట్, బ్లోయర్‌తో గాలి మార్పిడి, ఆక్సిజన్‌తో పాటు ఎండీసీ కొలత, నడుముకు తాడు, బయట కాపలా మనిషి లేకుండా ఎవరినీ దించకూడదు. లోపల పడిపోయిన సహోద్యోగి కోసం మాస్కు లేకుండా దూకినవాడు రెండో బాధితుడే అవుతాడు.

బయటికి తెచ్చాక మంచి గాలిలో పడుకోబెట్టి, తడిసిన బట్టలు తీసేసి, ఆక్సిజన్ ఇస్తూ 108కు ఫోన్ చేయాలి. శ్వాస ఆగితే బ్యాగ్ మాస్కుతో అందించాలి. కళ్ళలో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడగాలి.

ఆసుపత్రికి ఒక సంగతి మీరే చెప్పాలి. శరీరం ఎండీసీని కాలేయంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఈ తేడాను గుర్తించలేక 98 అని చూపించవచ్చు. కార్బాక్సీహిమోగ్లోబిన్‌ను (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను) కో-ఆక్సీమెట్రీతో విడిగా కొలవమని అడగాలి. కొవ్వులో దాగిన ద్రావణి తర్వాత కూడా మారుతూనే ఉంటుంది కనుక ఆ స్థాయి బయటికి వచ్చాక కొన్ని గంటలు పెరగవచ్చు, మామూలు కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం కన్నా రెట్టింపు సమయం నిలవవచ్చు. తల తిరగడం తగ్గిందని అదే రోజు రాత్రి షిఫ్ట్‌కు పంపకూడదు. గుండె జబ్బు ఉన్నవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కనుక అడ్రినలిన్ ఇచ్చేముందు వైద్యుడికి ఏ ద్రావణి పీల్చారో తెలిసి ఉండాలి. భద్రతా పత్రం నకలు అంబులెన్స్‌తోనే పంపండి.

ఒలికితే, మిగిలితే

ఒలికిన చోట మనుషులను ఖాళీ చేయించి, గాలి ఆడనిచ్చి, పొడి ఇసుకతో గానీ వర్మిక్యులైట్‌తో గానీ పీల్చి మూత ఉన్న డ్రమ్ములో వేయాలి. నీళ్ళతో కాలువలోకి కొట్టేయడం నేరమే కాక నిష్ప్రయోజనం కూడా. నీటికన్నా బరువైన ఈ ద్రవం నేలలోకి ఇంకి, భూగర్భజలం అడుగుదాకా దిగిపోతుంది. అక్కడినుంచి తీయడం ఎవరి తరమూ కాదు.

క్లోరిన్ ఉన్న వ్యర్థ ద్రావణులకు విడి డ్రమ్ము ఉండాలి. ఇతర ద్రావణుల్లో కలిపేస్తే మొత్తం సరుకులో క్లోరిన్ పెరిగి, సిమెంట్ కిల్న్‌లకు ఇంధనంగా పంపే దారి మూసుకుపోతుంది. డ్రమ్మును ముక్కాలు వంతుకు మించి నింపకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం దీన్ని ఆవరణలో 90 రోజులకు మించి ఉంచకూడదు. ఫారం 3లో రోజువారీ లెక్క రాయాలి, బయటికి పంపేటప్పుడు ఫారం 10 మ్యానిఫెస్ట్ లారీతో వెళ్ళాలి. అనుమతి ఉన్న రికవరీ యూనిట్‌కైనా, దుండిగల్‌లోని శుద్ధి కేంద్రానికైనా పంపే ముందు డ్రమ్ము మీద "క్లోరినేటెడ్" అని, నింపడం మొదలుపెట్టిన తేదీ, లోపల అమీన్, ఆమ్లం, అజైడ్‌ల జాడ ఉందా లేదా అన్నది చెరగని ఇంకుతో రాయించండి.